రోమన్ కాలపు తవ్వకాల్లో పని చేయాలంటే విశాఖ విద్యార్థులు ఎక్కడ మొదలుపెట్టాలి?

సాగరతీర విద్యార్థిని, విశాఖపట్నం:

అందరికీ నమస్కారం. నేను విశాఖపట్నంలో చరిత్ర, పురావస్తు శాస్త్రంలో ఎం.ఏ. చదువుతున్నాను. తవ్వకాల్లో పని నేర్చుకోవాలన్న పట్టుదల నాకూ, మా తరగతిలో మరికొందరికీ ఉంది. అందులోనూ రోమన్ సామ్రాజ్యం వెలిగిన రోజుల నాటి, అంటే క్రీస్తు శకం మొదటి రెండు మూడు శతాబ్దాల నాటి స్థలాలంటే మాకు ప్రత్యేకమైన ఆసక్తి. భీమిలి రోడ్డులో మంగమారిపేట దగ్గరున్న తొట్లకొండ మీద రాష్ట్ర పురావస్తు శాఖ జరిపిన తవ్వకాల్లో శాతవాహన నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా బయటపడ్డాయని మా అధ్యాపకులు ఆ కొండ మీదే నిలబెట్టి చెప్పారు. మధ్యధరా సముద్రం దగ్గర ముద్రించిన వెండి మన బౌద్ధ విహారం దాకా ఎన్ని చేతులు మారి వచ్చిందో తెలుసుకోవాలన్న కోరిక మాకు అప్పటి నుంచే మొదలైంది.

ఇంగ్లండులో రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడకు సమీపంలో ఉన్న విండోలాండా అనే రోమన్ కోటలో ఏటా వాలంటీర్లను తీసుకుంటారనీ, అనుభవం లేనివారు కూడా చేరవచ్చనీ, అయితే పాల్గొనేవారే రుసుము కట్టుకోవాలనీ తెలిసింది. యూరప్‌లో విశ్వవిద్యాలయాలు నడిపే ఫీల్డ్ స్కూళ్లకు, అంటే తవ్వకంలో పని నేర్పే శిబిరాలకు, కూడా గట్టిగానే ఫీజులున్నాయి. ఈ సంగతి ఇంట్లో చెబితే మా నాన్నగారు, "మట్టి తవ్వినందుకు వాళ్లు నీకు కూలి ఇవ్వాలి గానీ నువ్వు ఎదురు డబ్బు కట్టడమేమిటి?" అన్నారు. ఆయన మమ్మల్ని ఆపాలని అనలేదు, నిజంగా అర్థం కాకనే అడిగారు. నా దగ్గర సరైన జవాబు లేకపోయింది.

తవ్వకంలో విద్యార్థి చేత, వాలంటీరు చేత నిజంగా ఏ పని చేయిస్తారు? అప్పు చేసి విదేశానికి వెళ్లడం మేలా, లేక ముందు ఇక్కడే పని నేర్చుకోవడం మేలా? అనుభవం ఉన్నవారు చెబితే మాకు ఎంతో ఉపకారం చేసినవారవుతారు.

టైన్ నది ఒడ్డు:

మాది గాజువాక. ఉద్యోగరీత్యా న్యూకాసిల్‌లో ఉంటున్నాను. పురావస్తు శాస్త్రం నా చదువు కాదు. అయినా ఒక వేసవిలో విండోలాండాలో వాలంటీరుగా పని చేశాను కనుక, చూసినంత వరకు చెబుతాను.

మీ నాన్నగారు అడిగినది న్యాయమైన ప్రశ్న. విండోలాండాను నడిపేది 1970లో ఏర్పడిన ఒక ట్రస్టు. తవ్వకమంటే గొయ్యి తీయడంతో ముగిసే పని కాదు. బయటపడిన తోలునూ కొయ్యనూ ఇనుమునూ పాడవకుండా కాపాడే ప్రయోగశాల ఉండాలి, వాటిని భద్రపరిచే మ్యూజియం ఉండాలి, కొత్తగా వచ్చినవారి పక్కనే ఉండి చెయ్యి పట్టి నేర్పే పురావస్తు శాస్త్రజ్ఞులు ఉండాలి. ఆ ఖర్చులో కొంత సందర్శకుల టికెట్ల మీద, కొంత వాలంటీర్లు కట్టే రుసుము మీద గడుస్తుంది. అందువల్ల ఆ డబ్బును చదువుకు కట్టే ఫీజుగా, ఆ స్థలాన్ని నిలబెట్టే చందాగా చూడాలని మీ నాన్నగారికి చెప్పండి. బస, భోజనం, ప్రయాణం ఆ రుసుములో కలిసి ఉంటాయో లేదో మాత్రం ముందే కనుక్కోండి. అసలు రుసుము కంటే వాటికయ్యే ఖర్చే ఎక్కువ కావచ్చు.

ఇక పని సంగతి. అక్కడ తవ్వకాలు ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు విడతల వారీగా సాగుతాయి. చోట్ల కోసం పోటీ చాలా ఎక్కువ కాబట్టి, ముందు ఏడాదే దరఖాస్తులు ఎప్పుడు తెరుస్తారో చూసుకుంటూ ఉండాలి. పార, చేతి పలుగు, ట్రోవెల్ అనే చిన్న తాపీ, ఒంటి చక్రం తోపుడుబండి, ఇవే పనిముట్లు. వేసవి అన్న పేరే గానీ వాన ఎప్పుడు పడుతుందో చెప్పలేం. తడిసిన బంకమట్టిని బండికెత్తి చెక్కల బాట మీదుగా తోసుకుపోతుంటే మొదటి రోజు సాయంత్రానికి భుజాలు పట్టేస్తాయి. అలవాటైన కొద్దీ చేతికి పని తెలుస్తుంది.

ఆ స్థలానికి ఉన్న ప్రత్యేకత అక్కడి మట్టిలోనే ఉంది. కనీసం 9 కోటలు ఒకదాని మీద ఒకటి కట్టారు. పాత కొయ్య కోటను కూల్చి, దాని మీద బంకమట్టీ, గడ్డితో సహా కోసిన మట్టి పెళ్లలూ పరిచి, ఆపైన కొత్త కోట లేపేవారు. అడుగు పొరలకు గాలి సోకే దారి మూసుకుపోవడం వల్ల మామూలుగా ఎప్పుడో కుళ్లిపోవలసిన తోలు చెప్పులు, కొయ్య సామాను, నేల మీద పరిచిన గడ్డీ గాదమూ సుమారు 1900 ఏళ్లు అలాగే నిలిచిపోయాయి. ఆ నల్లని పొరలోంచి పైకి తీసిన తొలి క్షణంలో గడ్డిపరకకు ఇంకా పచ్చదనం కనిపిస్తుంది. గాలి తగిలిన కాసేపటికే, మన కళ్లముందే, అది నల్లబడిపోతుంది. ఆ కొద్దిసేపట్లోనే దాన్ని చూడాలి, గుర్తించాలి, పక్కనున్న శాస్త్రజ్ఞుణ్ణి పిలవాలి. తవ్వేవాడి శ్రద్ధ ఎంత విలువైనదో నాకు అక్కడే అర్థమైంది.

1973లో అక్కడ తవ్విన పురావస్తు శాస్త్రజ్ఞుడు రాబిన్ బర్లీ బృందానికి పలుచని కొయ్య రేకుల మీద సిరాతో రాసిన ఉత్తరాలు మొదటిసారి దొరికిందీ అక్కడే. క్లాడియా సెవెరా అనే ఆమె తన పుట్టినరోజుకు రమ్మని స్నేహితురాలు సల్పీసియా లెపిడీనాకు పంపిన ఆహ్వానం వాటిలో ఒకటి. ఒక స్త్రీ స్వయంగా లాటిన్‌లో రాసినవాటిలో ఇప్పటివరకు దొరికిన అతి పాత రాతల్లో దానిని ఒకటిగా లెక్కిస్తారు. ఇలాంటివి చదివి వచ్చేవారికి నేను చెప్పేది ఒక్కటే. మీ విడత మొత్తంలో మీకు రాళ్లు, పశువుల ఎముకలు, కుండపెంకులు తప్ప మరేమీ దొరక్కపోవచ్చు. దానికి మనసు సిద్ధం చేసుకునే రండి.

వీసా విషయం కూడా చూసుకోండి. బ్రిటన్ సందర్శక వీసా మీద వచ్చినవారు, ప్రయాణానికి ముఖ్య ఉద్దేశం అదే కానప్పుడు, నమోదైన ధర్మసంస్థలో 30 రోజులకు మించకుండా వాలంటీరుగా పని చేయడానికి నిబంధనలు అనుమతిస్తాయి. దరఖాస్తులో ఆ సంగతి దాచకుండా రాసి, సంస్థ ఇచ్చిన లేఖను జతపరచాలి.

కుండపెంకుల పరిశోధకురాలు:

విండోలాండా గురించి పైన రాసినదంతా విలువైన సమాచారమే. అయినా నా సలహా వేరు. అప్పు చేసి వెళ్లకండి, మొదటి తవ్వకం మన దేశంలోనే చేయండి. డబ్బు ఒక్కటే దీనికి కారణం కాదు. ఇక్కడ పని నేర్చుకుని వెళ్లిన విద్యార్థికి ఏ రోమన్ కాలపు స్థలంలోనైనా చేయడానికి తనదైన పని ఒకటి ఉంటుంది. ఏమీ నేర్చుకోకుండా వెళితే బండి తోయడం దగ్గరే ఆగిపోయే ప్రమాదం ఉంది.

మన దేశంలో తవ్వకానికి వాలంటీరుగా ఎవరికి వారు పేరు నమోదు చేసుకునే పద్ధతి సాధారణంగా లేదు. 1958 నాటి చట్టం కింద భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ ఇచ్చే అనుమతితో విశ్వవిద్యాలయాలు, రాష్ట్ర శాఖలు తవ్వకాలు జరుపుతాయి. విద్యార్థులు చేరేది వాటి ద్వారానే. అందుచేత మీ శాఖాధిపతి గారిని కలిసి, ఈ సీజన్‌లో ఎవరికి అనుమతి వచ్చిందో, శిక్షణకు విద్యార్థులను తీసుకుంటారో లేదో అడగండి. వేరే విశ్వవిద్యాలయం తవ్వుతున్నా సరే, మీ శాఖ నుంచి లేఖ తీసుకుని రాయవచ్చు. వానలు వెనకబట్టాక మొదలై ఎండలు ముదిరేలోపు ముగిసే పని కనుక, ఈ ఉత్తరాలు వానాకాలంలోనే వెళ్లాలి.

మనం ఇక్కడ నేర్చుకునే పద్ధతికి రోమన్ స్థలాలతో ఉన్న సంబంధం చాలామందికి తెలియదు. నేలను చదరపు ట్రెంచీలుగా, అంటే తవ్వే గోతులుగా, విడగొట్టి, వాటి నడుమ బాల్కులు అనే తవ్వని మట్టి గట్లు వదిలి, ఆ గోడల్లో కనిపించే పొరలను చదివే విధానాన్ని బ్రిటిష్ పురావస్తు శాస్త్రజ్ఞుడు మోర్టిమర్ వీలర్, ఆయన భార్య టెస్సా వీలర్ 1930ల్లో ఇంగ్లండులోని వెరులామియం అనే రోమన్ నగరంలో విద్యార్థులనూ వాలంటీర్లనూ వెంట పెట్టుకుని తీర్చిదిద్దారు. అదే వీలర్ 1944లో భారత పురావస్తు సర్వేక్షణకు అధిపతిగా వచ్చి, ఆ ఏడాదే తక్షశిలలో శిక్షణ శిబిరం నడిపి, మన విద్యార్థులకు పొరలు చదవడం నేర్పించాడు. 1945లో పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో తవ్వించినప్పుడు ఇటలీలోని అరెట్జో నుంచి వచ్చిన ఎర్రని మెరుపు పాత్రల ముక్కలు, ద్రాక్షసారా తెచ్చిన ఆంఫోరా జాడీల ముక్కలు దొరికాయి. అరెట్జో పాత్రలు ఏ కాలంలో తయారయ్యాయో ఇటలీలో అప్పటికే తెలుసు. కాబట్టి అవి దొరికిన పొరను పట్టుకుని, వాటితో కలిసి దొరికిన మన కుండలకూ కాలం కట్టగలిగాడు. దక్షిణ భారత పురావస్తు శాస్త్రానికి అది గట్టి ఆధారమైంది.

ఆ మన కుండల్లో ముఖ్యమైనదాన్ని రౌలెటెడ్ వేర్ అంటారు. మీరు తప్పక చేత్తో పట్టి చూడవలసిన వస్తువు అది. లోతు తక్కువగా, అంచు లోపలికి వంగి ఉండే పళ్లెం. మట్టిలో ఇసుక రేణువు తగలనంత మెత్తగా నూరిన బంక. పలుచని గోడ, బూడిద రంగు నుంచి నలుపు దాకా నునుపైన పూత. లోపలి అడుగు భాగంలో గింజల్లాంటి సన్నని నొక్కులు వలయాలుగా, వరుస తప్పకుండా తిరిగి ఉంటాయి. మంచి ముక్కను గోటితో తడితే కంచు గిన్నెలా ఖంగుమంటుంది. ఒకప్పుడు దీనిని మధ్యధరా ప్రాంతపు సరుకుగా భావించారు. తర్వాత మట్టి పరీక్షలు చేసినప్పుడు ఇది మన దేశంలోనే తయారైందని తేలింది. బెంగాల్ నుంచి శ్రీలంక దాకా, అటు బాలి ద్వీపం దాకా ఇది దొరుకుతుంది. కనుక పెంకు కనిపించగానే రోమన్ అని రాసుకోకుండా, దాని బంకా పూతా అంచూ ముందు చూడడం అలవాటు చేసుకోండి.

దీన్ని నేర్పేది ట్రెంచీ కంటే పాటరీ యార్డు. ట్రెంచీ నుంచి తట్టల్లో వచ్చిన పెంకులను కడిగి, నీడలో ఆరబెట్టి, ఒక్కొక్క దాని మీద స్థలం గుర్తు, ట్రెంచీ సంఖ్య, పొర సంఖ్య సన్న కలంతో రాసి, అంచులు, అడుగులు, నగిషీ ముక్కలు వేరు చేసి లెక్కకట్టాలి. కొత్త విద్యార్థులు ఇది శిక్ష అనుకుంటారు. వారం తిరిగేసరికి కళ్లు మూసుకుని కూడా వేళ్లతో ముక్కల తేడా చెప్పగలుగుతారు. సంచి మీద పొర సంఖ్య రాయకపోతే అందులోని పెంకులన్నీ సాక్ష్యంగా చచ్చిపోయినట్టే లెక్క. ఎంత అలసిపోయినా ఆ చీటీ రాయకుండా ట్రెంచీ వదిలి రాకండి.

ఈ జ్ఞానానికి విదేశంలో ఉన్న విలువకు ఒక ఉదాహరణ చెబుతాను. ఈజిప్టులో ఎర్ర సముద్రపు రేవు బెరెనికేలో రోమన్ కాలపు ఆలయ ప్రాంగణంలో ఒక భారతీయ నిల్వ జాడీలో 7.5 కిలోల నల్ల మిరియాలు దొరికాయి. అదే స్థలంలో 2022లో ఒక బుద్ధ విగ్రహం బయటపడింది. అలాంటి చోట మన వంటకుండ ముక్కను చూసి ఇది మనదని గుర్తుపట్టగలవారు అవసరం. కేరళలోని పట్టణం అనే ఊళ్లో 2007 నుంచి జరిగిన తవ్వకాల్లోనూ ఆంఫోరా ముక్కలూ మన కుండపెంకులూ కలిసే దొరికాయి. రోమన్ వర్తకాన్ని రెండు చివరల నుంచీ చదవాలి. మన చివర చదవగలిగేది మనమే.

కళింగ తీరం:

నేను పురావస్తు రంగంలో పని చేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. అమ్మా, మీ ప్రశ్న చదివి చాలా సంతోషించాను. పై ఇద్దరూ చెప్పనివి రెండు మూడు విషయాలు చెబుతాను.

విండోలాండాలో వాలంటీరే పార పడతాడు. మన తవ్వకాల్లో చాలాచోట్ల పార పట్టేది చుట్టుపక్కల ఊళ్ల నుంచి రోజు కూలికి వచ్చే మనుషులు. విద్యార్థి పక్కన నిలబడి నోటుబుక్కు రాస్తాడు, కొలతలు తీస్తాడు. ఈ ఏర్పాటులో విద్యార్థికి ఒక నష్టం ఉంది, మట్టి చేతికి తెలియదు. పొర మారినప్పుడు గడ్డపార దిగే తీరు మారుతుంది, చప్పుడు మారుతుంది. నాలుగైదు సీజన్లు పని చేసిన కూలీకి అది మన కంటే ముందు తెలుస్తుంది. "బాబూ, ఇక్కడి నుంచి మట్టి వేరు" అని వారు చెప్పిన చోట ఆగి చూస్తే ఇటుక గోడ అంచు కనిపించిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. కాబట్టి మీరు వెళ్లినప్పుడు వారి పక్కన కూర్చుని ట్రోవెల్ పట్టండి, పేర్లు తెలుసుకుని గౌరవంగా పిలవండి, వారు చెప్పింది నోటుబుక్కులో రాయండి. తవ్వకం నివేదికల్లో వారి పేర్లు అచ్చు కాకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. మీ తరమైనా దాన్ని మార్చాలి.

రెండోది, నాణేల విషయం. తొట్లకొండ మీద రోమన్ వెండి దొరికింది కాబట్టి అది రోమన్ స్థలం అయిపోదు. అది బౌద్ధ విహారం, అక్కడికి వెండి వచ్చింది, అంతవరకే మనం చెప్పగలం. నాణెం ముద్రించిన తర్వాత తరాల తరబడి చేతులు మారవచ్చు. అందువల్ల ఒక చక్రవర్తి నాణెం దొరికిన పొర ఆ చక్రవర్తి కాలం కంటే పాతది కాదని చెప్పవచ్చు గానీ, ఆ కాలానిదే అని చెప్పకూడదు. నల్గొండ ప్రాంతంలోని అక్కనపల్లిలో ఒకే చోట 1531 రోమన్ వెండి నాణేలు దొరికాయి. నాగార్జునకొండలో రోమన్ చక్రవర్తి టైబీరియస్ బంగారు నాణెం ఒకటి, రోమన్ రాణి ఫాస్టీనా పేర ముద్రించినది ఒకటి దొరికాయి. కుప్పగా దాచిన సొమ్ము, విహారపు నేలలో విడిగా దొరికిన నాణెం, ఈ రెండూ చెప్పే కథలు వేరు వేరు. ఏది ఏ పొరలో, దేని పక్కన దొరికిందన్నది రాసి ఉంటేనే ఆ కథ మనకు దక్కుతుంది. నాగార్జునసాగర్ నీళ్లు రాకముందు, 1954 నుంచి 1960 వరకు ఆ లోయనంతా తవ్వినవారు కాలంతో పోటీపడుతూ కూడా ఆ రాత పని వదల్లేదు. అందువల్లనే నీట మునిగిన ఆ స్థలాల గురించి ఇవాళ మనం ఇంత మాట్లాడగలుగుతున్నాం.

మూడోది గట్టిగా చెబుతున్నాను. తొట్లకొండ, బావికొండ, పావురాలకొండ, శాలిహుండం లాంటి బౌద్ధ స్థలాలు ఎక్కడికి వెళ్లినా నేల మీద కనిపించిన పెంకును జేబులో వేసుకోవద్దు. ఫోటో తీసుకోండి, ఎక్కడ ఉందో గుర్తు రాసుకోండి, అక్కడే వదిలేయండి. ఎవరికైనా నాణెమో విగ్రహమో దొరికితే అధికారులకు తెలియజేయాలని 1878 నాటి నిధుల చట్టం, 1972 నాటి పురావస్తువుల చట్టం ఉన్నాయి. చట్టం సంగతి అలా ఉంచినా, చోటు తప్పిన పెంకు ఎవరికీ ఏమీ చెప్పలేదు.

సాగరతీర విద్యార్థిని, విశాఖపట్నం:

ముగ్గురికీ నా హృదయపూర్వక కృతజ్ఞతలు. కూలీల గురించి మీరు రాసింది మా స్నేహితులందరికీ చదివి వినిపించాను. అప్పు ఆలోచన మానుకున్నాం. ముందు మా శాఖ ద్వారా ఇక్కడి తవ్వకంలో చేరడానికి ప్రయత్నించి, ఆ తర్వాతే విండోలాండాకు రాద్దామని అనుకుంటున్నాం. సీజన్ మొదలయ్యే లోపు విశాఖలోనే ఉండి ఏమి నేర్చుకోవచ్చో చెప్పగలరా? దరఖాస్తులో ఏమి రాయాలో కూడా సూచించండి.

కుండపెంకుల పరిశోధకురాలు:

బొమ్మ గీయడం నేర్చుకోండి, అన్నిటికంటే అదే ముందు. పెంకు అంచును బట్టి కుండ మూతి వ్యాసం అంచనా వేసి, సగం కోత, సగం బయటి రూపం గీసే పద్ధతి మీ శాఖలో ఎవరో ఒకరు నేర్పుతారు. పాత పెంకుతో మొదలుపెట్టనక్కర్లేదు. ఇంట్లో పగిలిన పూలకుండీ ముక్కలతోనే చేయి తిప్పుకోవచ్చు. రెండోది లెవెలింగ్. డంపీ లెవెల్ అనే సర్వే పరికరంతో ఎత్తులు తీయడం సివిల్ ఇంజనీరింగ్ చదివే స్నేహితులు ఒక మధ్యాహ్నంలో చూపిస్తారు. బ్రాహ్మీ లిపి అక్షరాలు ఎలాగూ మీ పాఠ్యాంశంలో ఉంటాయి. వాటితో పాటు రోమన్ నాణేల మీద వచ్చే లాటిన్ పొడి అక్షరాలు కూడా చదవడం సాధన చేయండి, అది కష్టం కాదు.

కళింగ తీరం:

దరఖాస్తు గురించి. "చరిత్ర అంటే ప్రాణం" వంటి వాక్యాలు అందరూ రాస్తారు. మీరు చేయగలిగిన పనులు రాయండి. పెంకుల బొమ్మలు గీయగలను, లెవెల్ తీయగలను, తెలుగు, ఇంగ్లీషు రెండింటిలో నోటుబుక్కు రాయగలను, ఎండలో రోజంతా నిలబడగలను, ఈ తేదీ నుంచి ఈ తేదీ దాకా ఖాళీగా ఉంటాను. గీసిన బొమ్మలు రెండు జతచేయండి. ధనుర్వాతం టీకా వేయించుకున్నట్టు రాయండి, నిజంగా వేయించుకోండి కూడా. తుప్పు పట్టిన మేకులు, గాజుపెంకులు ఉండే మట్టిలో చేతులు పెట్టే పని ఇది. ఆడపిల్లలు ఎక్కువమంది వెళుతున్నారు కనుక క్యాంపులో బస, మరుగుదొడ్డి, నీటి వసతి ఎలా ఉన్నాయో ముందే అడగండి. అలా అడగడం తప్పు కాదు, మంచి డైరెక్టరు ఆ ప్రశ్నకు నొచ్చుకోరు.